ఊరి పిల్లలు, విశ్వవిద్యాలయ పరిశోధన: పంచాయతీ సభ్యుల పాత్ర

ఒకనాటి ఉదయమున భుజమున సంచియు, చేతిలో పలకవంటి టాబ్లెట్టును పట్టుకొని ఇద్దరు ముగ్గురు యువతీయువకులు మన ఊరిలో బస్సు దిగుదురు. సర్పంచిగారి ఇల్లు ఎక్కడ అని అడుగుదురు. తాము ఫలానా విశ్వవిద్యాలయము తరపున వచ్చితిమనియు, ఈ ఊరి పిల్లలు ఎట్లు చదువుచున్నారో, ఎట్టి మనఃస్థితిలో నున్నారో తెలిసికొనగోరుచున్నామనియు చెప్పుదురు. వారు వీధి మలుపు తిరుగకమునుపే ఊరిలో మూడు వదంతులు బయలుదేరును. రేషను కార్డులు తీసివేయుటకు వచ్చిరని ఒకరందురు. ఇండ్ల స్థలములకు పేర్లు వ్రాసికొనుచున్నారని మరియొకరందురు. బడి మూయుటకు లెక్కలు తీయుచున్నారని ఇంకొకరందురు. మొదటి వదంతి విన్నవారు తలుపు వేసికొందురు. రెండవది విన్నవారు లేని బిడ్డను కూడ లెక్కలో చేర్చుదురు. ఈ రెండింటివలనను పరిశోధన చెడును. అది చెడినచో దాని ఆధారమున రేపు ఎవరో తీసికొను నిర్ణయము కూడ చెడును. అందుచేత వచ్చినవారు ఎవరు, ఎందులకు వచ్చిరి అను సంగతిని ఊరివారికి విప్పి చెప్పగల మనుష్యుడు ఒకడు ఊరిలో నుండుట అవసరము. ఆ పని సహజముగా పంచాయతీ సభ్యులపై పడును. వారికి ఉపయోగపడునట్లు కొన్ని సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

మన జిల్లాలలో జరిగిన ఒక దీర్ఘ పరిశీలన

ఇట్టి పరిశోధన మనకు క్రొత్త కాదు. పిల్లల జీవనమును గూర్చి లోకమున జరిగిన పెద్ద పరిశీలనలలో ఒకటి మన పల్లెలలోనే జరిగినదను విషయము చాలమందికి తెలియదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 'యంగ్ లైవ్స్' అను పేర ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశము అను నాలుగు దేశములలో మొత్తము 12,000 మంది పిల్లలను చిన్ననాటినుండి గమనించుచు వచ్చిరి. భారతదేశమున ఈ పనికి ఎన్నుకొన్నది నాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రమును. 2002వ సంవత్సరమున శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురము, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలలోను, హైదరాబాదు నగరములోను కలిపి 20 స్థలములను ఎంచుకొనిరి. ఒక్కొక్కచోట సుమారు 100 మంది ఏడాది వయస్సు పసిబిడ్డలను, 50 మంది ఎనిమిదేండ్ల పిల్లలను తీసికొనిరి. అట్లు పసివారు 2,011 మందియు, పెద్దవారు 1,008 మందియు లెక్కకు వచ్చిరి. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రమును, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును ఈ పనిలో పాలుపంచుకొన్నవి.

ఇందలి విశేషమంతయు మరల మరల అదే ఇంటికి, అదే బిడ్డవద్దకు వచ్చుటలో నున్నది. 2006, 2009, 2013, 2016 సంవత్సరములలో ఆరంభమైన దఫాలలో పరిశోధకులు ఆ పిల్లలనే వెదకికొని వచ్చిరి. కరోనా వ్యాధి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో ఇండ్లకు వచ్చుటకు వీలులేక టెలిఫోనుద్వారా పలుమార్లు మాటలాడిరి. 2023-24లో మరల నేరుగా కలిసికొనిరి. నాడు తల్లి చంకనున్న బిడ్డలు నేడు ఇరువది దాటి, కొందరు తామే తల్లులును తండ్రులును అయినారు.

ఒకమారు వచ్చి నూరుమంది పిల్లలను చూచి పోయినచో నేడు ఎందరు చదువగలరో, ఎందరు చదువలేరో తెలియును. ఎందులకు చదువలేకున్నారో తెలియదు. నారుమడిలో ఒక మొలకకు గుర్తుపెట్టి, నాటు వేసినపుడు, పొట్టకు వచ్చినపుడు, కోతకు వచ్చినపుడు దానినే చూచిన రైతు ఎచ్చట నీరు తక్కువైనదో, ఎప్పుడు తెగులు తగిలినదో చెప్పగలడు. కోతనాడు మాత్రమే గట్టుపై నిలిచి చూచినవాడు దిగుబడి ఎంతయో చెప్పగలడు, అంతే.

పరిశోధకులు ఏమి అడుగుదురు? బిడ్డ ఎత్తును, బరువును కొలుతురు. నాలుగు బొమ్మలు చూపి, ఒక మాట చెప్పి, ఆ మాటకు తగిన బొమ్మను వ్రేలితో చూపుమందురు. వయస్సుకు తగిన లెక్కలు ఇత్తురు. నిన్నటి దినము ఎన్ని గంటలు నిద్రించితివి, ఎన్ని గంటలు బడిలో నుంటివి, ఎన్ని గంటలు ఇంటిపని చేసితివి, ఎంతసేపు ఆడుకొంటివి అని ఇట్టి సామాన్య దినపు లెక్క తీయుదురు. మనస్సులోని సంగతిని అడుగుటకు ఒక చక్కని ఉపాయము కలదు. తొమ్మిది మెట్ల నిచ్చెన బొమ్మను చూపుదురు. అందరికన్న మంచి బ్రతుకు పైమెట్టు, అందరికన్న చెడ్డ బ్రతుకు క్రిందిమెట్టు అని చెప్పి, నీవు నేడు ఏ మెట్టున నుంటివి, నాలుగేండ్లకు ఏ మెట్టున నుందువు అని అడుగుదురు. "నీవు సుఖముగా నున్నావా?" అని అడిగినచో మన పిల్లలు తలవంచుకొని "ఉన్నాను" అని ఊరకుందురు. నిచ్చెన చూపినచో వ్రేలు పెట్టి చూపుదురు. ఈ తేడా ఉపాధ్యాయులైన వారందరు ఎరిగినదే.

ఈ పనివలన ఏమి తెలిసినది? ఒక్క సంగతిని కొంచెము వివరముగా చెప్పెదము. మన రాష్ట్రమున ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనమును పెట్టుట 2003 జనవరిలో ఆరంభమైనది. ఆ కాలముననే అనేక మండలములు కరవుచే పీడింపబడినవి. కరవు తగిలిన ఇండ్లలోని పసిబిడ్డలకు తిండి చాలక ఎదుగుదల తగ్గుట లోకసహజము. 2002లోను, మరల 2006లోను తీసిన కొలతలను పోల్చి చూడగా, కరవువలన తగ్గిన ఎత్తును, బరువును బడిలో భోజనము చేసిన పిల్లలు తిరిగి కూడదీసికొన్నట్లు కనబడెను. భోజనమునకు నోచుకొననివారికి ఆ లోటు మిగిలిపోయెను. బడిలో పెట్టు ఒక పూట అన్నము కరవునాటి దెబ్బను కాచునను సంగతి కొలతలతో ఋజువైనది. మధ్యాహ్న భోజనము దండుగ ఖర్చని వాదించువారికి ఇంతకన్న గట్టి సమాధానము కష్టము. ఆ సమాధానమును ఇచ్చినది మన పల్లెల తల్లులే. కొలతబద్ద ప్రక్కన తమ బిడ్డలను నిలువబెట్టుటకు వారు సమ్మతింపకున్నచో ఆ లెక్క పుట్టియుండదు.

మరికొన్ని సంగతులు మనకు కొంత కష్టము కలిగించునవి. పసితనమున వయస్సుకు తగిన ఎత్తు లేని పిల్లలు తరువాత పరీక్షలలోను వెనుకబడుచుండిరి. ఈడు వచ్చిన కొలది ఆడపిల్లల గంటలను ఇంటిపని మ్రింగుచుండెను. పత్తి విత్తనపు చేలలో పూవులకు 'క్రాసింగు' చేయు ఋతువున పిల్లలు బడి మానుచుండిరి. బడి ఎందులకు నచ్చదని ఎనిమిదేండ్ల పిల్లలను అడుగగా, దెబ్బలును తిట్లును ముఖ్యకారణముగా చెప్పిరి. బిడ్డను కొట్టుట, మనస్సు నొప్పించుట 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను ప్రకారము నిషిద్ధమని సభ్యులకు జ్ఞాపకము చేయనవసరము లేదనుకొందుము.

పక్క ఊరికి ఇచ్చిరి, మాకేల ఇవ్వలేదు?

మరియొక జాతి పరిశోధన కలదు. అందు ఊరక చూచుటతో ఆగక, ఏదో ఒక క్రొత్త ఏర్పాటును కొన్ని బడులలో చేసి ఫలితమును పరీక్షింతురు. పంచాయతీలలో తగవులు వచ్చునది ఈ పట్టుననే.

2005-06 విద్యా సంవత్సరమున ఉమ్మడి రాష్ట్రములోని 5 జిల్లాలలో 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను ఇట్టి పరీక్షకు తీసికొనిరి. రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేంజీ ఫౌండేషను, ప్రపంచ బ్యాంకు కలసి చేసిన పని యిది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికవేత్తలు దీనిని నడిపిరి. బడులను నూరేసి చొప్పున ఐదు జట్లు చేసిరి. ఒక జట్టులో పిల్లల ప్రగతినిబట్టి బడి ఉపాధ్యాయులందరికి కలిపి బహుమానము. ఒక జట్టులో ఉపాధ్యాయునికి విడివిడిగా బహుమానము. ఒక జట్టుకు అదనముగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుడు. ఒక జట్టుకు పిల్లల అవసరములకు నగదు. ఐదవ జట్టుకు ఏమియు లేదు. ఏ బడి ఏ జట్టున పడవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి.

"ఏమియు లేని జట్టు" అనగానే మనవారికి కోపము వచ్చును. మా ఊరి పిల్లలు ఏమి పాపము చేసిరని అడుగుదురు. అడుగుట న్యాయమే. ఐనను రైతుకు ఈ సంగతి బాగుగా తెలియును. క్రొత్త వంగడమును చూడదలచినవాడు అదే పొలమున అరయెకరము క్రొత్త విత్తనమును, అరయెకరము పాత విత్తనమును చల్లును. అంతయు క్రొత్తదే చల్లి, దిగుబడి పెరిగినచో అది విత్తనపు గొప్పయో, ఆ యేటి వానల చలువయో ఎవరు చెప్పగలరు? మంచి భూమిలో క్రొత్తదానిని, చవుడు నేలలో పాతదానిని చల్లినను మోసమే. చీట్లు వేయుట ఆ మోసము జరుగకుండుటకే. ఏ నాయకుని ఊరు, ఏ కులము వాడ అను భేదము చీటికి లేదు. సర్పంచి మండల కార్యాలయమునకు పోయి, పలుకుబడి ఉపయోగించి, తన ఊరి బడిని ఒక జట్టునుండి మరియొక జట్టునకు మార్పించుకొన్నచో తన ఊరికి మేలు చేసితినని తలచును. నిజమునకు 500 బడుల శ్రమను తూకము తప్పించినవాడగును.

ఈ పరీక్షల ఫలితములు అనుకొన్నట్లు రాలేదు. రెండేండ్లకు బహుమానములున్న బడులలోని పిల్లలు తక్కిన వారికన్న లెక్కలలోను, భాషలోను స్పష్టముగా ముందుండిరి. అదనపు ఉపాధ్యాయుని ఇచ్చిన బడులును మెరుగైనవి. నగదు ఇచ్చిన బడుల కథ వేరు. ఒక్కొక్క విద్యార్థికి ఏటికి 125 రూపాయల చొప్పున ఇచ్చిన పైకముతో నోటు పుస్తకములు మొదలైనవి కొనిరి. మొదటి ఏట చదువు మెరుగుపడెను. రెండవ ఏట మెరుగు లేకపోయెను. కారణము వెదుకగా, బడిలో పుస్తకములు ఇత్తురని తెలిసిన తల్లిదండ్రులు తాము కొనుట తగ్గించుకొన్నారని తేలినది. ఒకచేత వచ్చినది మరియొకచేత పోయినది. ఇందు తల్లిదండ్రుల తప్పేమియు లేదు. పేదవాని ఇంట మిగిలిన నాలుగు రూకలకు వేరే అవసరములు కాచుకొని యుండును. పంచాయతీ నిధులతో బడికి ఏదైనను కొనదలచినపుడు, ఇండ్లవారు ఎటులును కొనునట్టి వస్తువుకన్న వారు కొనజాలని వస్తువును కొనుట మేలని దీనినిబట్టి ఊహింపవచ్చును.

మరియొక నూరు బడులలో బహుమానములేమియు లేక, ప్రతి బిడ్డ ఎక్కడ వెనుకబడెనో చెప్పు వివరమైన నివేదికలను మాత్రము ఉపాధ్యాయులకు ఇచ్చిరి. పరిశీలకులు తరగతిలో కూర్చున్నపుడు ఆ ఉపాధ్యాయులు శ్రద్ధగా బోధించుచున్నట్లు కనబడిరి. కాని పరీక్షలలో ఆ పిల్లలకు, ఇతర పిల్లలకు తేడా లేదు. ఎవరో చూచుచున్నపుడు మనుష్యుడు మారును. వారు పోగానే మరల తన దారినబడును. పెద్ద అధికారి వచ్చునాడు బడికి సున్నము వేయించు మనకు ఈ ఫలితము ఆశ్చర్యము కలిగింపదు.

ప్రయివేటు బడులను గూర్చి 180 గ్రామములలో జరిగిన పరీక్షను కూడ చెప్పి ఈ భాగమును ముగింతుము. 2008లో ప్రభుత్వ బడి పిల్లలలో కోరినవారికి చీట్లు వేసి, వచ్చినవారికి ప్రయివేటు బడి రుసుమును చెల్లించిరి. నాలుగేండ్లు గడచిన పిదప తెలుగులోను, లెక్కలలోను ఉభయులును సమానముగానే యుండిరి. హిందీలో మాత్రము ప్రయివేటు బడికి పోయినవారు మేలు. ఐతే ఆ బడులలో ఒక్కొక్క బిడ్డపై అగు ఖర్చు ప్రభుత్వ బడిలోని ఖర్చులో మూడవ వంతుకన్న తక్కువ. ఈ ఫలితమును ప్రభుత్వ బడి పక్షమువారును, ప్రయివేటు బడి పక్షమువారును తమ తమ వాదమునకు ఆధారముగా చూపుచుందురు. పరిశోధనను చదువునపుడు సగము వాక్యముతో ఆగరాదనుటకు ఇది మంచి ఉదాహరణము.

సమ్మతి ఎవరిది?

ఇక అన్నిటికన్న ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. పరిశోధకులు మొదట సర్పంచిని, ప్రధానోపాధ్యాయుని కలిసికొని అనుమతి కోరుదురు. ఊరికి వచ్చుటకు, బడి ఆవరణలో కూర్చుండుటకు ఆ అనుమతి చాలును. బిడ్డను ప్రశ్నించుటకు చాలదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమావళి ఆరోగ్యసంబంధమైన సాంఘిక పరిశోధనలకును వర్తించును. సంఘపు పెద్దలు ఒప్పుకొన్నను ప్రతి వ్యక్తి సమ్మతిని విడిగా తీసికొనవలసినదే అని అందు స్పష్టముగా నున్నది. పిల్లల విషయమున తల్లి గాని, తండ్రి గాని, సంరక్షకుడు గాని ఒప్పుకొనవలెను. అంతటితో సరికాదు. ఏడు మొదలు పన్నెండేండ్ల బిడ్డ నోటిమాటతోనైనను సరే యనవలెను; పన్నెండు దాటి పదునెనిమిది లోపువారి సరే యనుట వ్రాతమూలముగా నుండవలెను. తండ్రి సంతకము చేసినను బిడ్డ "నేను చెప్పను" అన్నచో అక్కడితో ఆగవలెను.

ఈ నియమము కాగితమున నుండుట వేరు, నడచుట వేరు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించు టీకాను వేయు ప్రయోగాత్మక కార్యక్రమము జరిగినది. వారిలో అనేకులు గిరిజన బాలికలు. వసతిగృహములలో నుండి చదువుకొనువారు. తరువాత జరిగిన విచారణలో 9,543 అంగీకార పత్రములను చూడగా, 2,763 పత్రములపై వసతిగృహపు వార్డెనులే సంతకములు చేసినట్లును, 1,948 పత్రములపై వ్రేలిముద్రలు మాత్రమున్నట్లును తేలినది. పార్లమెంటు స్థాయీ సంఘము 2013 ఆగస్టులో సమర్పించిన నివేదికలో ఈ తీరును తీవ్రముగా నిరసించినది. ఆ కాలమున మరణించిన కొందరు బాలికల విషయమున టీకాయే కారణమని విచారణ సంఘము తేల్చలేదు. ఆ టీకాను నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుచున్నది, అనేక దేశములు వేయుచున్నవి. ఐనను టీకా మంచిదగుట, అడవి గూడెములోని తల్లిని అడుగక ఆమె బిడ్డ తరపున మరియొకరు సంతకము చేయుటను ఒప్పు చేయజాలదు. కార్యక్రమము 2010లో నిలిచిపోయినది. దానివెంట ఆ ప్రాంతమున మంచి పనులపై కూడ నమ్మకము సడలినది.

కావున ఊరివారందరి తరపున నేనే సంతకము చేసెదనని సభ్యుడు ముందుకు రాకూడదు. ఇది అధికారము తక్కువయగుట కాదు. తన ఇంటి బిడ్డ విషయమున ఇతరుడు సంతకము చేసినచో ఎట్లుండునో ఆలోచించినచో తెలియును.

వ్రేలిముద్రను గూర్చి ఒక మాట. చదువురాని తల్లి వ్రేలిముద్ర వేయుట తప్పు కాదు. చదివి వినిపింపక వేయించుట తప్పు. చదివి వినిపించునపుడు పరిశోధకుల జట్టుకు చెందని సాక్షి ఒకడు ప్రక్కన నుండవలెను. అట్టి సాక్షిగా వార్డు సభ్యుడు, ముఖ్యముగా మహిళా సభ్యురాలు, చాల ఉపకారము చేయగలరు. "అమ్మా, ఇష్టము లేకున్న వద్దనవచ్చును, రేషను పోదు, పింఛను పోదు" అను మాటను పరిశోధకుడు చెప్పినదానికన్న ఊరి మనిషి చెప్పినచో తల్లులు నమ్ముదురు.

తాము చేయదగినది, చేయరానిది

ఈ వ్యాసకర్త ఉపాధ్యాయుడుగా నున్న దినములలో ఒకమారు బడికి ఇట్టి పరీక్షకులు వచ్చిరి. పట్టికనుండి వారు ఏరిన పేర్లలో నలుగురు బడికి సరిగా రానివారు. బడి పరువు పోవునను భయముచే నేను ఆ నలుగురికి బదులు ముందు వరుసలో కూర్చుండు నలుగురిని పంపితిని. అంతయు సవ్యముగా జరిగినదని సంతోషించితిని. మరుసటి ఏడు వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక బోధన నిచ్చు కార్యక్రమమునకు బడులను ఎంపిక చేసిరి. మా బడి అందు లేదు. లెక్కల ప్రకారము మా బడిలో వెనుకబడినవారే లేరుగదా! ఆ నలుగురిలో ఇద్దరు ఐదవ తరగతితో చదువు మానిరి. ఆనాటినుండి పరీక్షకుని ఎదుట బడి పరువు కాపాడుదమను ఉపాధ్యాయుని చూచినచో నాకు నా పొరపాటే జ్ఞప్తికి వచ్చును.

సభ్యులు ఇట్టి పొరపాటును మరియొక రూపమున చేయుచుందురు. పరిశోధకుని వెంట ఇంటికి పోయి, అరుగుపై కూర్చుండి, తల్లికి బదులు తామే జవాబు చెప్పుదురు. "మా ఊరిలో పిల్లలను పనికి పంపువారే లేరు, వ్రాసికొనుడు" అందురు. సర్పంచి ఎదుట ఏ తల్లి కాదనును? ఇల్లు చూపి, పరిచయము చేసి, వెనుకకు వచ్చుట ఉత్తమము. బిడ్డతో మాటలాడునపుడు పదిమంది గుమిగూడకుండ చూచుట ఇంకను ఉత్తమము. ఐతే బిడ్డను గది లోపల నుంచి తలుపు వేసికొని ప్రశ్నించుటకును ఒప్పుకొనరాదు. మాట వినబడనంత దూరమున, కంటికి కనబడునంత దగ్గరగా, వేపచెట్టు నీడనో పంచాయతీ వరండాలోనో కూర్చుండబెట్టుట మంచి పద్ధతి.

వచ్చినవారిని కొన్ని ప్రశ్నలడుగుటకు మొగమాటపడనవసరము లేదు. ఏ విశ్వవిద్యాలయము, పర్యవేక్షించు ఆచార్యుడు ఎవరు, నైతిక పరిశీలన సంఘము ఆమోదించిన పత్రము ఏది, జిల్లా విద్యాశాఖ అనుమతి కలదా అని అడుగుడు. పిల్లల పేర్లు నివేదికలో కనబడునా అని అడుగుడు. సరియైన పరిశోధనలో పేరునకు బదులు ఒక సంఖ్య వేయుదురు. ఊరి పేరును కూడ మార్చి వ్రాయుదురు. ఛాయాచిత్రములు తీయుదురా, వాటిని ఏమి చేయుదురని అడుగుడు. ఆధారు సంఖ్య గాని, బ్యాంకు ఖాతా సంఖ్య గాని, సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీ గాని కోరినచో వెంటనే అనుమానింపవలెను. పిల్లల చదువును కొలుచుటకు ఓటీపీతో పనిలేదు. పరిశోధకుల వేషమున మోసగాండ్రు తిరుగు కాలమిది.

ప్రతిఫలమును గూర్చియు అడుగవచ్చును. కూలి మానుకొని జవాబు చెప్పిన తల్లికి ఆ పూట నష్టమునకు తగిన స్వల్ప పైకము నిచ్చుట ధర్మమే. ఇష్టము లేనివారిని సైతము ఆశపెట్టి ఒప్పించునంత ఇచ్చుట ధర్మము కాదు.

నేటి పరిశోధనలలో మనోవ్యథను గూర్చిన ప్రశ్నలు ఎక్కువైనవి. కరోనా కాలపు టెలిఫోను సంభాషణలలో యంగ్ లైవ్స్ వారు యువతీయువకుల బెంగను, దిగులును గూర్చి కూడ అడిగిరి. ఇట్టి ప్రశ్న కొన్ని సమయములలో బిడ్డ లోపల దాచుకొన్న దుఃఖమును కదలించును. ఇంట కొట్టుదురనియో, బడిలో ఎవరో వేధించుచున్నారనియో, బ్రతుకవలెనని లేదనియో ఆ బిడ్డ చెప్పవచ్చును. వ్రాసికొని సంచి సర్దుకొని పోయినచో ఆ బిడ్డ గతి ఏమి? కనుక బిడ్డ ఆపదలో నున్నట్లు తెలిసినచో ఏమి చేయుదురో ముందే చెప్పుమని పరిశోధకులను నిలదీయవలెను. రహస్యము కాపాడుదుమను వాగ్దానమునకు ఈ ఒక్కచోట మినహాయింపు కలదు. దానిని వారు బిడ్డకు మొదటనే చెప్పవలెను. పిల్లల సహాయమునకు 1098 సంఖ్యయు, మనోవ్యథకు 14416 అను టెలిమానస్ సంఖ్యయు కలవు. ఈ రెండింటిని బడి గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు పరిశోధకులు వచ్చువరకు ఆగనక్కరలేదు.

మన ఊళ్లనుండి సంవత్సరములో సగము దినములు వలసపోవు కుటుంబములు కలవు. సాధారణ లెక్కలలో మొదట జారిపోవునది ఆ పిల్లలే. బడి పట్టికలో పేరుండును, బిడ్డ హైదరాబాదులో ఇటుకబట్టీవద్దనో, గుంటూరు మిరపచేలలోనో యుండును. వారిని విడిచి మిగిలినవారిని కొలిచినచో ఊరి చదువు ఉన్నదానికన్న మేలుగా కనబడును. ఏ ఇల్లు ఎప్పుడు పోవును, ఎప్పుడు తిరిగివచ్చును అన్నది ఆ వార్డు సభ్యునికి తెలిసినంతగా ఏ విశ్వవిద్యాలయమునకును తెలియదు. పండుగకు వారు తిరిగివచ్చు వారమున మరల రమ్మని పరిశోధకులకు చెప్పుడు. ఫోను సంఖ్యను మాత్రము ఆ ఇంటివారిని అడిగిన పిదపనే ఇయ్యవలెను.

చివరకు ఫలితముల సంగతి. పని ముగియగానే పరిశోధకులు వెళ్లిపోవుదురు. నాలుగేండ్లకు ఇంగ్లీషు పత్రికలో వ్యాసము వచ్చును. ఊరివారికి ఏమియు తెలియదు. ఈ అలవాటు మారవలెననినచో అడుగువారు ఉండవలెను. అనుమతి నిచ్చు నాడే, తేలిన విషయములను తెలుగులో రెండు పుటలకు మించకుండ వ్రాసి పంపవలెననియు, వీలైనచో గ్రామసభలో ఒకరు వచ్చి చెప్పవలెననియు కోరుడు. ఆ కోరికను, వారి పేర్లను, విశ్వవిద్యాలయపు చిరునామాను, వచ్చిన తేదీని పంచాయతీ తీర్మానముల పుస్తకమున వ్రాయించుడు. నాలుగేండ్లలో పాలకవర్గము మారవచ్చును. కొత్త సర్పంచి ఆ పుట తెరచి, రావలసిన నివేదిక ఏమైనదని ఒక ఉత్తరము వ్రాయుటకు అది ఆధారముగా నుండును.